ఇంజెక్షన్ మోల్డింగ్‌లో పాలిమర్ ప్రవాహం: హెలె-షా ఉజ్జాయింపు, దాని పరిమితులు

ఇంజెక్షన్ మోల్డింగ్‌లో కరిగిన పాలిమర్ అధిక పీడనంతో చల్లని అచ్చులోకి ప్రవేశిస్తుంది. పలుచని వస్తువుల విషయంలో అచ్చు నిండడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ప్రవాహం, ఉష్ణం, ముందుకు కదిలే ద్రవాగ్రం పరస్పరం ప్రభావితం చేసుకోవడం వలన దీనికి సంఖ్యాత్మక అనుకరణ అవసరమవుతుంది.

ముందుగా పరిమాణాలను అంచనా వేయాలి. మందం 2 మి.మీ., వేగం సెకనుకు 10 సెం.మీ., స్నిగ్ధత 200 పాస్కల్-సెకన్లు అనుకుంటే రేనాల్డ్స్ సంఖ్య సుమారు 0.001 మాత్రమే. జడత్వ పదాలను నిస్సంకోచంగా వదలివేయవచ్చు. ఉష్ణం సంగతి అలా కాదు. పాలిమర్ల ఉష్ణ విసరణ గుణకం సెకనుకు దాదాపు 0.1 చదరపు మి.మీ. కాబట్టి ఒక సెకనులో గోడ చల్లదనం లోపలికి సుమారు 0.3 మి.మీ. మాత్రమే చొచ్చుకుపోతుంది. గోడల వద్ద పొర గట్టిపడుతుండగా మధ్యభాగం వేడిగానే ప్రవహిస్తుంది. ఆ కొద్దిపాటి మందంలోనే స్నిగ్ధత అనేక రెట్లు మారుతుంది. ఉష్ణోగ్రతపైనా విరూపణ రేటుపైనా స్నిగ్ధత ఆధారపడే తీరును సాధారణంగా క్రాస్-డబ్ల్యూఎల్ఎఫ్ నమూనాతో సూచిస్తారు.

హెలె-షా ఉజ్జాయింపుకు ఈ పలుచదనమే ఆధారం. దగ్గరగా ఉంచిన రెండు పలకల మధ్య ప్రవాహంపై హెన్రీ సెల్బీ హెలె-షా 1898లో వెలువరించిన పరిశోధన దీనికి మూలం. మందం దిశలో పీడనం మారదని భావిస్తే త్రిమితీయ సమస్య తలంలోని ఒకే పీడన సమీకరణంగా కుదించుకుపోతుంది. మందం వెంబడి స్నిగ్ధతలోని మార్పులన్నీ ప్రవాహ వాహకత అనే ఒక సమాకలనిలో ఇముడుతాయి. 1980లో హీబర్, షెన్‌లు తలంలో పరిమిత మూలక పద్ధతిని, మందం దిశలో పరిమిత భేద పద్ధతిని జోడించి అచ్చు నిండే ప్రక్రియను గణించారు. తరువాతి వాణిజ్య సాఫ్ట్‌వేర్ చాలాకాలం ఈ చట్రంలోనే సాగింది.

అయితే ద్రవాగ్రం వద్ద ఈ చట్రం సరిపోదు. అక్కడ మధ్యలోని ద్రవం అగ్రాన్ని చేరి గోడలవైపు విచ్చుకుంటుంది. దీనినే ఫౌంటెన్ ప్రవాహం అంటారు. వస్తువు ఉపరితలంపై కనిపించే పదార్థం అంతకుముందు మధ్యభాగంలో ప్రయాణించినదే. ఉపరితల పొరలో అణువుల అమరికకు అగ్రం వద్ద జరిగే ఈ సాగుదల కారణమని టాడ్మోర్ 1974లో వివరించారు. హెలె-షా నమూనాలో మందం దిశ వేగానికి చోటు లేదు. అందువలన ప్రత్యేక సవరణ చేర్చకపోతే ఉపరితల పొరలో గాజునారల దిశను అది సరిగా చెప్పలేదు.

ఇక్కడే ధ్రువీకరణలో ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. గేటు వద్ద కొలిచిన పీడన వక్రం గణనతో కలిసినంత మాత్రాన నమూనా అంతా సరైనదని తేల్చడం తగదు. పీడన పతనం ప్రవాహ మార్గమంతటా పోగవుతుంది. ఫౌంటెన్ ప్రాంతం నిడివి మాత్రం మందానికి సమాన స్థాయిలోనే ఉంటుంది. 200 మి.మీ. మార్గంలో అది ఒక శాతానికి అటూఇటూ. అగ్రం వద్ద గణన పూర్తిగా తప్పినా పీడన వక్రం చక్కగా కలుస్తుంది. నారల అమరికను గాని వెల్డ్ లైన్ బలాన్ని గాని ముందే చెప్పగలమనే వాదనకు అది సాక్ష్యం కాజాలదు. అందుకు వస్తువును కోసి పొరలవారీగా సూక్ష్మదర్శినితో పరిశీలించాలి, వెల్డ్ లైన్ మీదుగా తీసిన నమూనాలను సాగదీసి పరీక్షించాలి.

మందపాటి పక్కటెముకలు, మూలలు ఉన్న వస్తువులకు పూర్తి త్రిమితీయ గణన తప్పదు. కాని మెష్‌లో మందం మేరకు మూడే మూలకాలు ఉంటే ఒక్కొక్కటి 0.67 మి.మీ. వస్తుంది, 0.3 మి.మీ. చల్లని పొర మొత్తం గోడ పక్కనున్న మూలకంలోనే మునిగిపోతుంది. పలుచని వస్తువు విషయంలో అటువంటి త్రిమితీయ ఫలితం కన్నా, మందం దిశలో పదిపన్నెండు బిందువులు గల హెలె-షా గణనే పీడనాన్ని మెరుగ్గా అంచనా వేయగలదు.