నోబుల్ దొర చరిత్రకు ఇంటి జాబులు

బందరు నోబుల్ కళాశాలను ఎరిగినవారు పలువురు. ఆ పేరుగల ఉపాధ్యాయుని ఎరిగినవారు కొద్దిమంది. రాబర్ట్ నోబుల్ 1841లో ఇంగ్లండునుండి బందరు చేరి, 1843లో మిషను పాఠశాల నెలకొల్పి, 1865లో అక్కడనే కన్నుమూసిన క్రైస్తవ బోధకుడు. ఆయన జీవితచరిత్రను 1867లో లండనులో ప్రకటించినది తోబుట్టువైన జాన్. సహచరుడు హెన్రీ ఫాక్సు చరిత్రను వ్రాసినదీ ఫాక్సు సోదరుడే.

పాఠశాల పట్టీలకు అందని మనస్సు ఇంటి జాబులలో దొరుకుతుంది. అయితే జాబు ఎప్పుడూ అందుకొనేవారి ముఖం చూచి వ్రాయబడుతుంది. దానిని దాచేదీ, అచ్చుకు ఏరేదీ ప్రేమించినవారే. కనుక చరిత్రకారుడు రెండవ ఇంటి తలుపు కూడా తట్టవలసి ఉన్నది.

1852లో ఇరువురు విద్యార్థులు క్రైస్తవమతం స్వీకరించగా, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, పాఠశాల వెలవెలబోయినది. గురువు పక్షమువారికి అది ఫలసిద్ధి. ఆ పిల్లలను కన్నవారికి పుత్రశోకం. మొదటిది అచ్చుకెక్కినది. రెండవదాని ఆనవాళ్లు వెదకవలసినది మన ఇండ్ల అటకలమీది వంశావళులలో, జాతకపు చుట్టలలో, భాగపత్రాలలో. బందరును 1864 నాటి ఉప్పెన ముంచివేసినది. నీటికి చిక్కక మిగిలినవాటినైనా చెదలకు వదలకుండుట మన విధి.