మంచు కురుస్తుందా?

అది మార్గశిర మాసం. హోసూరు దగ్గర ఒక పల్లెలో, బడి ముందున్న పచ్చిక మీద, ఒక చిన్న దూరదర్శినిని నిలబెట్టాము. దాని ముందున్న కటకం అడ్డుకొలత 60 మిల్లీమీటర్లు. ఆకాశం నిర్మలంగా ఉంది. కృత్తికా నక్షత్రాలు నడినెత్తికి వచ్చాయి. మన పల్లెల్లో వాటిని ‘పిల్లల కోడి’ అంటారు.

నలభైమంది పిల్లలు వరుసగా నిలబడ్డారు. వట్టి కంటికి ఆరేడు చుక్కలు కనిపించే చోట దూరదర్శినిలో ముప్పై నలభై కనిపిస్తాయి. మొదట చూసినవాళ్ళు “అబ్బ! ఎన్ని చుక్కలో!” అని గంతులు వేశారు. గంట గడిచింది. వరుసలో చివర నిలబడిన అయిదో తరగతి పాప వంతు వచ్చింది. ఆ పాప కన్ను ఆనించి చాలాసేపు చూసింది. “సార్, నాకు చుక్కలు లేవు. పాలు పోసినట్టుంది” అంది.

టార్చిలైటు వేసి చూశాను. కటకం నిండా సన్నని నీటి తుంపర. తొందరపడి కండువా కొసతో తుడిచాను. అయిదు నిమిషాలకు మళ్ళీ మసక. మళ్ళీ తుడిచాను. ఆ పాప ఏమీ చూడకుండానే ఇంటికి వెళ్ళింది. తెల్లవారి చూస్తే గాజు మీద గీతలు పడి ఉన్నాయి. కండువాకు అంటిన దుమ్ము చేసిన పని అది. ఆ గీతలు ఈనాటికీ పోలేదు.

ఆ రాత్రి నేను చేసిన తప్పేమిటి? అది తెలియాలంటే ముందు మంచు సంగతి తెలుసుకోవాలి.

మనం ‘మంచు’ అనే ఒక్క మాటతో చాలా వాటిని చెబుతాం. హిమాలయాల మీద పేరుకొనేది మంచే. తెల్లవారుజామున దారి కనిపించకుండా చేసే పొగమంచూ మంచే. గడ్డిపరకల మీద ముత్యాల్లా మెరిసే నీటిబొట్లూ మంచే. ఈ చివరిదాన్ని శాస్త్రంలో ‘తుషారం’ అంటారు. మన కథ దీని గురించే.

“బయట పడుకోకు, మంచు కురుస్తోంది” అని పెద్దలు అంటూ ఉంటారు. తుషారం నిజంగా వానలా పైనుంచి కురుస్తుందా? లండన్ నగరంలో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు ఈ ప్రశ్న వేసుకున్నాడు. అనేక రాత్రులు తోటలో మేలుకొని ప్రయోగాలు చేసి, 1814లో ఒక పుస్తకం ప్రకటించాడు. అందులో ఒక ప్రయోగం చాలా సులువైనది. ఆయన పది గ్రెయిన్ల ఉన్నిని ఆరుబయట గడ్డి మీద ఉంచాడు. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మరో పది గ్రెయిన్ల ఉన్నిని కూడా గడ్డి మీదనే ఉంచి, దాని చుట్టూ రెండున్నర అడుగుల ఎత్తుగల మట్టి గొట్టాన్ని నిలువుగా నిలబెట్టాడు. గొట్టానికి పైన మూత లేదు. ఆ రాత్రి గాలి లేదు. వాన కురిస్తే రెండూ సమానంగా తడిసేవే. కాని ఏం జరిగింది? ఆరుబయటి ఉన్ని 16 గ్రెయిన్ల తేమను పట్టుకొంది. గొట్టంలోని ఉన్ని రెండు గ్రెయిన్లకు కొంచెం మించి మాత్రమే పట్టుకొంది.

కాబట్టి తుషారం కురవదు. అది వస్తువు మీదనే పుడుతుంది. ఎలాగో చూద్దాం.

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. గాలి చల్లబడినకొద్దీ అది ఆవిరిని మోయగల శక్తి తగ్గుతుంది. ఒక ఉష్ణోగ్రత వద్ద ఇక మోయలేక ఆవిరిని నీరుగా వదిలేస్తుంది. ఆ ఉష్ణోగ్రతను ‘తుషార స్థానం’ అంటారు. చల్లని నీళ్ళు పోసిన లోటా బయటివైపు చెమర్చడం మీరు చూసే ఉంటారు. ఆ నీరు లోటాలోంచి కారింది కాదు, చుట్టూ ఉన్న గాలిలోంచి వచ్చింది.

లోటాను చన్నీళ్ళు చల్లబరిచాయి. మరి దూరదర్శినిని ఎవరు చల్లబరిచారు? ఆకాశమే! ప్రతి వస్తువూ కంటికి కనిపించని కిరణాల రూపంలో వేడిని బయటికి పంపుతూ ఉంటుంది. దీన్ని వికిరణం అంటారు. చెట్టు కింద ఉన్న వస్తువు వేడిని పంపితే చెట్టు కూడా కొంత వేడిని తిరిగి ఇస్తుంది. మబ్బు కూడా అంతే. నిర్మలమైన ఆకాశం మాత్రం తీసుకొన్నంత తిరిగి ఇవ్వదు. అందువల్ల ఆకాశానికి ఎదురుగా ఉన్న గాజు చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. తుషార స్థానం కన్నా దిగువకు చేరగానే చెమరుస్తుంది. ఆరుబయట నిలిపిన సైకిలు సీటు తెల్లవారేసరికి తడిసి, పందిరి కింది సైకిలు పొడిగా ఉండడానికి కారణం ఇదే.

తుడిస్తే నీరు పోతుంది గాని చల్లదనం పోదు. నేను చేసిన తప్పు అదే. కటకానికి ఆకాశం తక్కువగా కనిపించేట్టు చేయాలి. లేదా దాన్ని కొంచెం వెచ్చగా ఉంచాలి. రెండూ తక్కువ ఖర్చుతో అయ్యే పనులే.

మొదటిది తుషార కవచం. ఇది వెల్స్ మట్టి గొట్టం వంటిదే. దళసరి అట్టను దూరదర్శిని గొట్టానికి బిగుతుగా చుట్టి, కటకం ముందుకు పొడుచుకొని వచ్చేట్టు అతికించాలి. కటకం అడ్డుకొలతకు రెండు రెట్ల పొడవు ముందుకు రావాలి. 60 మిల్లీమీటర్ల కటకానికి 12 సెంటీమీటర్లు అన్నమాట. లోపలివైపు నల్లబల్లకు వేసే రంగు పూస్తే పక్కనుంచి వచ్చే వెలుగు కూడా తగ్గుతుంది. రంగు బాగా ఆరిన తరువాతనే తొడగాలి. అట్ట తడిసి మెత్తబడకుండా బయట ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. కవచం మరీ పొడవైతే దృశ్యం అంచులు నల్లబడతాయి. పగటిపూట దూరపు చెట్టును చూసి పరీక్షించుకోవాలి. పరీక్షించేటప్పుడు దూరదర్శినిని సూర్యుడి వైపు ఎన్నడూ తిప్పకూడదు. కన్ను పోతుంది.

గాలిలో తేమ మరీ ఎక్కువైతే కవచం ఒక్కటే చాలదు. అప్పుడు కొద్ది వెచ్చదనం కావాలి. పై తరగతుల వారు ఉపాధ్యాయుని సహాయంతో ఇలా చేయవచ్చు. 330 ఓములు, అర వాటు గల నిరోధకాలు ఆరింటిని సమాంతరంగా కలిపి, తీగలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టి, కటకం దగ్గర గొట్టం చుట్టూ కట్టాలి. 12 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజు ద్వారా కలపాలి. ఒక్కొక్కటి సుమారు 0.44 వాట్లు, ఆరూ కలిసి సుమారు 2.6 వాట్ల వేడిని ఇస్తాయి. గాజు తుషార స్థానం కన్నా ఒకటి రెండు డిగ్రీలు పైన ఉంటే చాలు. వేడి ఎక్కువైతే గాలి కదిలి నక్షత్రం వణికినట్టు కనిపిస్తుంది. ఇంటి కరెంటును తడి గడ్డి మీదకు ఎన్నడూ తీసుకురాకూడదు. అది ప్రాణాపాయం.

ఇక కొన్ని అలవాట్లు. పచ్చిక మీద కన్నా మేడ మీద దూరదర్శిని నిలపడం మేలు. కంటి కటకాన్ని వాడనప్పుడు జేబులో ఉంచుకొంటే ఒంటి వేడికి చెమర్చదు. దాని మీద ఊపిరి వదలకూడదు. ముందు కటకం మీద తేమ పట్టినా బట్ట తాకించవద్దు. దూరదర్శినిని నేలవైపు వంచి, ఆరేదాకా ఓపిక పట్టాలి. తడిగా ఉండగా మూత బిగిస్తే బూజు పడుతుంది. ఇంటికి తెచ్చి, పూర్తిగా ఆరిన తరువాత మూత పెట్టాలి.

తమిళనాడులోని జవ్వాది కొండల్లో, కావలూరులో వేణు బప్పు వేధశాల ఉంది. 1986లో ప్రారంభమైన అక్కడి పెద్ద దూరదర్శిని దర్పణం అడ్డుకొలత 2.34 మీటర్లు. అంత పెద్ద దూరదర్శిని కూడా గుమ్మటం లోపలే ఉండి, తెరిచిన సందులోంచి మాత్రమే ఆకాశాన్ని చూస్తుంది. చుట్టూ గోడ, ఎదురుగా కొంచెం ఆకాశం. మన అట్ట గొట్టం కూడా అంతే కదా!

మరుసటి నెలలో అదే పల్లెకు మళ్ళీ వెళ్ళాము. ఈసారి దూరదర్శినికి అట్ట కవచం తొడిగాము. ఆ పాపను ముందుకు రమ్మన్నాను. “వద్దు సార్, నా వంతు వచ్చినప్పుడే చూస్తా” అని చివరనే నిలబడింది. గంట దాటింది. చివరికి ఆ పాప వంతు వచ్చింది. కన్ను ఆనించి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దాటినా ఆపలేదు.