బేకరీలో లెక్క - రుచికి రక్ష

మన పట్టణములలో చిన్న బేకరీ లేని బజారు అరుదు. ఉదయము రొట్టె, సాయంకాలము పఫ్, పుట్టినరోజునాడు కేకు - ఇవన్నియు మన ఇండ్లకు అలవాటైన వస్తువులే. ఈ దుకాణములలో పెక్కు పెద్ద కర్మాగారములు కావు. ఒక మాస్టరు, ఇద్దరు ముగ్గురు సహాయకులు, గల్లాపెట్టె యొద్ద యజమాని - ఇంతే పరివారము. వీరి చేతిపని రుచి మనకు తెలియును. దాని వెనుకనున్న చిక్కు తెలియదు. దుకాణము సాయంకాలమెల్ల జనముతో కిటకిటలాడుచుండును. అయినను నెలాఖరున కిరాణా బాకీ, అద్దె, జీతములు చెల్లించిన పిమ్మట యజమాని చేతిలో మిగులునది స్వల్పము. ఇట్లేల జరుగును? దీనికి కంప్యూటరు ఏమి సాయము చేయగలదు? ఈ రెండు ప్రశ్నలను నేడు విచారింతము.

ముడిసరుకుల ధరలు వంటవాని చేతిలో లేవు. కోకో గింజల సంగతి చూడుడు. 2023 ఆరంభమున అంతర్జాతీయ విపణిలో టన్ను మూడువేల డాలర్లకు లోపుగా ఉండెను. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతినుటచే 2024 లో అది 10,000 డాలర్లు దాటినది. ఇట్టి సమయమున చిన్న దుకాణదారుని ఎదుట రెండు మార్గములుండును. ఒకటి, సరుకు నాణ్యము తగ్గించుట: వెన్నకు బదులు వనస్పతి, అసలు చాక్లెట్టునకు బదులు కోకోవెన్న స్థానమున వేరు కొవ్వు కలిపిన కాంపౌండు. రెండవది, దుకాణములోనే వ్యర్థమగుచున్న సరుకును కనిపెట్టి ఆపుట. మొదటిది సులభము, కాని దానితో రుచియు, క్రమముగా ఖాతాదారులును పోవుదురు. రెండవది మేలు, కాని దానికి లెక్క కావలెను. ఎక్కడ పోవుచున్నదో తెలియనిదే ఆపుట ఎట్లు?

మన వర్తకులకు చిట్టా, ఆవర్జాలు క్రొత్తవి కావు. అయితే అవి రూపాయల రాకపోకలను చూపును గాని, మైదా ఎన్ని కిలోలు వచ్చెను, అందులో ఎంత రొట్టెయైనది, ఎంత బుట్టపాలైనది అను సంగతి చెప్పవు. ఈ లోటును తీర్చుటకే నేడు దుకాణ నిర్వహణ సాఫ్ట్‌వేరు వచ్చినది. సాఫ్ట్‌వేరనగా కంప్యూటరు ఏ పని ఎట్లు చేయవలెనో తెలుపు ఆజ్ఞల సముదాయము. అది సరుకును, సొమ్మును ఒకేచోట ముడివేయు చిట్టా యని భావింపవచ్చును. ఇప్పుడది చేతిలోని సెల్‌ఫోనులో సైతము పనిచేయుచున్నది.

దీని మొదటి పని ఒక్కొక్క వస్తువు నిజముగా ఎంతకు పడుచున్నదో తేల్చుట. యజమాని ముందుగా ప్రతి సరుకు కొనుగోలు ధరను, పిదప ప్రతి వంటకపు కొలతలను గ్రాములలో నమోదు చేయవలెను. "పిడికెడు", "గరిటెడు" అను మాటలు ఇచట చెల్లవు. గుడ్లు కూడ ఒకే పరిమాణమున నుండవు గనుక వానిని సంఖ్యతో గాక తూకముతో లెక్కించుట మేలు. క్రీము, పాకము, కేకు దిమ్మ వంటివి అనేక వంటకములలో వాడబడును గనుక వానికి వేరుగా పట్టికలుండును. వెన్న ధర మారినదని ఒక్కచోట వ్రాసినచో, వెన్న చేరిన ప్రతి వంటకము ఖర్చును యంత్రమే తిరిగి కట్టును. కాగితముపై ఒక పూట పట్టు పని క్షణములో ముగియును.

ఇందు మరువరాని సంగతి యొకటి కలదు. వేసిన సరుకంతయు అమ్మకపు సరుకు కాదు. రొట్టెపిండి ఓవెనులో కాలునప్పుడు తేమ ఆవిరియై బరువులో సుమారు పదవవంతు తగ్గును. కేకు పైభాగమును సమముగా కోయునప్పుడు తునకలు రాలును. ఈ తరుగును కలుపక వేసిన లెక్క యజమానిని మోసగించును. లాభమిచ్చుచున్నదని అతడు నమ్మిన వస్తువే నష్టమునకు మూలము కావచ్చును.

రెండవ పని, ఉండవలసిన సరుకును, ఉన్న సరుకును పోల్చుట. వారములో తయారైన వస్తువులను బట్టి 92 కిలోల మైదా ఖర్చు కావలెనని యంత్రము చెప్పినదనుకొందము. కొట్టులో తూచి చూడగా 97 కిలోలు తగ్గినది. ఈ 5 కిలోలు ఏమైనవి? తూకము ఎక్కువై పఫ్‌లు పెద్దవైనవా? పురుగుపట్టి పారవేసిరా? మాడిన పళ్లెములను ఎవరును వ్రాయలేదా? యంత్రము వెదుకవలసిన చోటు చూపును గాని కారణము చెప్పదు. కావున తేడా కనబడగనే పనివానిపై అనుమానపడుట తగదు. పెక్కుమార్లు దోషము మనిషిది కాక, సరిగా పనిచేయని త్రాసుదో, ఒక ప్రక్క ఎక్కువ కాలు ఓవెనుదో అయియుండును. పారవేసిన ప్రతిదానికి కారణము వ్రాయు అలవాటు చేసినచో - మాడినది, విరిగినది, గడువు తీరినది, అమ్ముడుపోనిది అని - నెల తిరుగులోగా అసలు రంధ్రము బయటపడును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: రేపు ఎంత చేయవలెను? ఒక లెక్క చూతము. పఫ్ ఒకటి చేయుటకు 9 రూపాయలు పడుననియు, 15 రూపాయలకు అమ్ముదురనియు అనుకొందము. రోజునకు 200 చేసి, 180 అమ్మి, 20 పారవేసినచో రాబడి 2,700, ఖర్చు 1,800, మిగులు 900 రూపాయలు. పారవేసిన 20 పఫ్‌ల ఖరీదు 180 రూపాయలు. ఒక పఫ్ అమ్మిన వచ్చునది 6 రూపాయలే గనుక, 30 పఫ్‌లు అమ్మిన లాభమును ఆ 20 మ్రింగివేసినవన్నమాట! అదే దుకాణము 185 చేసి 180 అమ్మినచో మిగులు 1,035 రూపాయలు. అమ్మకము పెరుగలేదు, ధర పెరుగలేదు, వెన్న తగ్గలేదు. నెలకు 4,050 రూపాయలు మాత్రము అదనముగా మిగిలినవి.

అయితే అన్ని వస్తువులను తగ్గించుటే తెలివి యని తలంపరాదు. ఖర్చు 20 రూపాయలై, అమ్మకము 60 రూపాయలైన క్రీము పేస్ట్రీ ఒకటి మిగిలిన 20 పోవును. చాలక ఖాతాదారుడు వెనుదిరిగిన 40 పోవును. అట్టిదానిని కొంచెము ఎక్కువగా చేయుటే లాభము. పఫ్ సంగతి దీనికి విరుద్ధము. ఏ వారమున, ఏ వేళ, ఏది ఎంత అమ్మినదో గుర్తుంచుకొని, ఈ తారతమ్యమును ఒక్కొక్క వస్తువునకు చూపుటలో కంప్యూటరు మనిషి జ్ఞాపకమును మించును. కాని రేపు ఎదుటి వీధిలో పెండ్లి యని గాని, మబ్బు పట్టినదని గాని దానికి తెలియదు. ఆ మాట యజమానియే చేర్చవలెను.

మిఠాయి దుకాణములకు ఈ లెక్క మరింత అవసరము. కిలో కోవాకు సుమారు 5 లీటర్ల గేదెపాలు మరిగించవలెను. అది పులిసినచో పోవునది కిలో కాదు, 5 లీటర్ల పాలు, వానిని మరిగించిన ఇంధనము కూడ. పైగా విడిగా అమ్ము మిఠాయిలకు ఏ తేదీలోగా తినుట మేలో పళ్లెము యొద్ద ప్రదర్శింపవలెనను నియమము మన దేశమున 2020 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. తయారైన తేదీని నమోదు చేసినచో, ముందు వచ్చినది ముందు అమ్ముటకును, గడువు సమీపించినదానిని గుర్తించుటకును సాఫ్ట్‌వేరు తోడగును. గడువులోపల మిగిలిన సరుకునకు మార్గములు లేకపోలేదు. నిన్నటి రొట్టెను కోసి మరల కాల్చి రస్కులు చేయుట మన బేకరీలకు పాత విద్యయే. దుకాణములు మూయువేళ మిగిలిన పదార్థములను తక్కువ ధరకు ఖాతాదారులకు చేర్చు టూ గుడ్ టు గో అను సంస్థ 2015 లో డెన్మార్కులో పుట్టి, పెక్కు దేశములకు వ్యాపించినది.

ఇంత చెప్పినను, యంత్రము కొన్నంతనే వ్యర్థము తగ్గదు. వ్రాయనిదానిని అది చూపలేదు. తప్పు వ్రాసిన తప్పే చూపును. మైదాచేతులతో ఉన్న మాస్టరు ప్రతి పళ్లెమునకు బొత్తాములు నొక్కుచు కూర్చుండలేడు. కావున ఒక మంచి త్రాసు, గోడకు వ్రేలాడు ఒక పుస్తకము, బాగుగ అమ్ముడగు అయిదారు వస్తువులు - వీనితో ఆరంభించి, అలవాటు కుదిరిన పిమ్మట యంత్రమునకు పోవుట వివేకము. దానికి చెల్లించు చందా, అది మిగిల్చిన సొమ్ముకంటె తక్కువగా ఉన్నదా అనునది కూడ లెక్కలో చేరవలసినదే.

కొనువారమైన మనకును ఇందు పాత్ర కలదు. కేకు ఒకరోజు ముందుగా చెప్పి చేయించుకొనువారు దుకాణదారునికి ఊహతో పనిలేకుండ చేయుదురు. ఇక మన వంటిండ్ల మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2024 లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022 లో ప్రపంచమున వ్యర్థమైన ఆహారము సుమారు 105 కోట్ల టన్నులు. అందు నూటికి 60 వంతులు ఇండ్లలోనిదే. బేకరీ యజమాని అడుగు మూడు ప్రశ్నలు - ఎంత కొంటిని, ఎంత వండితిని, ఎంత పారవేసితిని - గృహిణియు, గృహస్థుడును అడుగదగినవే.

చేతిపని విద్య మాస్టరు వ్రేళ్లలో ఉండును. దానిని ఏ యంత్రమును నేర్వలేదు. కాని ఆ విద్య నిలుచుటకు దుకాణము నిలువవలెను. లెక్క తెలిసినవానికి వెన్న తగ్గించు అవసరము రాదు.