మారియో బాణీకి మన హార్మోనియం

పబ్జీ లాబీల మోగే బాణీ ఎక్కడన్న వినవడితె మా ఊరి బస్టాండు కాడ కూసున్న పోరగాండ్లందరు ఒక్కసారే తలెత్తుతరు. సినిమా పాటను పట్టినంత జల్ది గుర్తువడుతరు. కట్టిందెవలు అంటె మాత్రం ఒక్కలు చెప్పరు. టామ్ సాల్టా అని అమెరికా సంగీతకారుడు. గేమ్‌ల సంగీతం గిట్లనే మన చెవులల్లకు వచ్చి కూసున్నది, పేరు లేకుంట, ఊరు లేకుంట.

ఆ బాణీలను మన చేతులతోని, మన వాయిద్యాల మీద మళ్ల వాయించి రికార్డు చేసుడునే కవర్ అంటరు. నాలుగేండ్ల సంది నేను చేస్తున్న పని ఇదే. పగలు కొలువు, రాత్రి ఇది. 'గేమ్ పాటలు వాయించుడేంది, పనిలేదా' అని చుట్టాలు నవ్వుతరు. నవ్వనియ్యిండ్రి. ఇంట్ల రికార్డింగు నేర్సుకోవాలనే పల్లె పిల్లలకు సినిమా పాటకంటె పాత గేమ్ బాణీయే మంచి బడి అని నేనంట.

సినిమా పాట ఒక్కటి విడదీసి సూడుండ్రి. వయొలిన్లు ఒక దండు, కోరస్ ఒక దండు, డ్రమ్ములు, బేస్ గిటార్, దాని మీద ఇంక పది రకాల కంప్యూటర్ సప్పుళ్లు. ఒక్కనితోని అయ్యే పని కాదు. 1985ల వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గట్ల కాదు. మన దిక్కు టీవీకి తగిలిచ్చి ఆడిన క్యాసెట్ గేమ్‌లల్ల మస్తుమంది ఆడిందే. బొమ్మలు, సంగీతం, ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఇయ్యాల వాట్సాప్‌ల వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో శానసార్లు అంతకంటె బరువుంటది.

నింటెండో మిషిన్‌ల ఉన్న సౌండ్ చిప్‌కు ఐదు గొంతులు. రెండు 'పల్స్' గొంతులు, సన్నగ, గీరినట్టుంటయి. ఒకటి 'ట్రయాంగిల్', మెత్తటిది, ఎక్కువగ కింది స్వరాలకు వాడుతరు. దానికి సౌండ్ పెంచుడు తగ్గిచ్చుడు లేదు, మోగుడు లేకుంటె ఆగుడు. నాలుగోది ఉత్త 'నాయిస్', టీవీల సిగ్నల్ పోయినప్పటి గరగర. దాన్నే ముక్కలు ముక్కలు కోసి తాళం చేస్తరు. ఐదోది చిన్న చిన్న రికార్డు ముక్కలు పలికిచ్చేటందుకు. మారియోల దాన్ని వాడనే లేదు. అంటె జపాన్ సంగీతకారుడు కోజీ కోండో ఆ బాణీ మొత్తం నాలుగు గొంతులల్లనే కట్టిండు. 2023ల అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాల చేర్చింది ఆ నాలుగు గొంతులనే. గేమ్ సంగీతానికి ఆ జాగా దొరుకుడు అదే మొదలు.

నాలుగు గొంతులంటె మన భజన మండలి కంటె తక్కువ. ఇగ లెక్క జూడుండ్రి. పల్స్ గొంతు కాడ హార్మోనియం పెట్టొచ్చు, రీడ్ల సప్పుడు గట్లనే గీరుకుంట వస్తది. రెండో పల్స్‌కు అదే హార్మోనియం మీద ఇంకోసారి. ట్రయాంగిల్‌కు క్యాసియో కీబోర్డు మీద ఎడమ చెయ్యి. నాయిస్‌కు డప్పు, అది సుత సిర్రతోని దబదబ కాదు, సిటికెన పుల్లతోని సన్నగ. నలుగురు మనుషులు అక్కరలేదు. ఒక్కొక్కటి ఏరుగ రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చుడే.

ఈ పేర్చుడు కాడనే అసలు చదువున్నది. హార్మోనియం పాతదైతె శ్రుతి జర అటో ఇటో ఉంటది. రీడ్లను సరిజేసుడు కష్టం గని కీబోర్డుల ట్యూనింగు మీటలుంటయి. కాబట్టి కీబోర్డును హార్మోనియానికి కలుపాలె. డప్పుదింకో కథ. మంట కాడ కాపితెనే తోలు బిగుసుతది, సల్లవడితె సప్పుడు దిగుతది. మొదటిసారి వాయించినదానికి, పావుగంట తర్వాత వాయించినదానికి తేడా రికార్డుల సక్కగ వినవడుతది. ప్రతిసారి కాపుకోవాలె, లేకుంటె డప్పు మొత్తం ఒక్క ఊపుల అయిపోగొట్టాలె.

మైకు కొనేదుందా అని అందరు అడుగుతరు. ఇప్పుడే వద్దు. పైసలుంటె ముందుగల మంచి వైరు ఇయర్‌ఫోన్లు కొనుండ్రి. బ్లూటూత్ వద్దు, దాంట్ల సప్పుడు రెప్పపాటు ఆలస్యంగ వస్తది, తాళం తప్పుతది. రికార్డింగుకు ఫోన్ సాలు. గని ఫోన్ ఏడ పెట్టినమనేదే సగం పని. హార్మోనియానికి రెండు జానల దూరం. డప్పుకు నాలుగడుగులు, దగ్గర పెడితె పగిలిన సప్పుడొస్తది. దూరం రెండింతలైతె వాయిద్యం నుంచి నేరుగ వచ్చే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతది, గోడలకు తాకి తిరిగొచ్చే సప్పుడు మాత్రం అంతగనం తగ్గది. అందుకే దూరం పెట్టిన కొద్ది బాయిల నుంచి మాట్లాడినట్టు వినవడుతది. సిమెంటు అర్రలైతె మరీను. గోడకు బొంతలు, గొంగడి యాలాడగట్టుండ్రి, బియ్యం బస్తాలున్న అర్ర అయితె ఇంక మంచిది. ఫ్యాన్ బందు జేసుడు ఖాయం. నేనైతె రాత్రి పది దాటినంకనో, తెల్లారి నాలుగు గంటలకో కూసుంట. ఊరకుక్కలు, బోరు మోటర్లు రెండూ ఊకునే గంట ఏదో ఎవల ఊర్ల వాళ్లకే ఎరుక. తెల్లారి నాలుగింటికి డప్పు మాత్రం వద్దు, ఇంటోళ్లు ఎల్లగొడుతరు. అది పగటిపూట చెల్కలకు వోయి కొట్టుండ్రి.

రెండు ఫోన్లుంటె పని అల్కగ అయితది. ఒకదాంట్ల తాళం లెక్క మోగుతుంటె ఇయర్‌ఫోన్ల విను, ఇంకోదాంట్ల రికార్డు చెయ్యి. మొదలువెట్టే ముందు ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో లెక్కకు గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి. తర్వాత కంప్యూటర్‌ల ఆ చప్పట్ల గీతను తాళం గీతకు జరిపితె అన్నీ ఒక్కసారే మొదలైతయి. ఆడాసిటీ అని ఉచితంగ దొరికే సాఫ్ట్‌వేర్ ఉన్నది. లాప్‌టాప్ లేకుంటె ఫోన్‌లనే బ్యాండ్‌ల్యాబ్. ప్రతి రికార్డు ముంగట ఐదు సెకన్లు ఊకెనే ఉండుండ్రి. ఆ ఉత్త సప్పుడును నమూనగ సూపిస్తె ఆడాసిటీ అర్రల ఉన్న గుయ్‌మనే మోతను తీసేస్తది. ఎక్కువ తీస్తె నీళ్లల్ల మునిగి వాయించినట్టు అయితది. ఇంత మోత ఉన్నా పాడైపోయేదేం లేదు.

ఇంకో చిక్కు. గేమ్ బాణీకి ముగింపు ఉండదు. ఆడేటోడు ఎంతసేపు ఆడుతడో తెల్వదు కాబట్టి అది తిరిగి తిరిగి మోగేటట్టే కడుతరు. కవర్‌కు ముగింపు నువ్వే కట్టాలె. శానమంది మెల్లగ సౌండ్ తగ్గిచ్చి ఊకుంటరు. నాకైతె అది చేతగాని పని అనిపిస్తది. మన భజనలల్ల తాళం పెంచుకుంట పోయి ముక్తాయింపు ఇస్తరు గద, గదే ఇయ్యుండ్రి. మారియోల టైము 100 కంటె తక్కువైతె సంగీతం ఉరుకుతది, కాబట్టి ఆ ఉరుకుడు బాణీకి కొత్తది సుత కాదు.

ఇగ పైసల ముచ్చట. వేరేటోళ్ల బాణీ వాయించి యూట్యూబ్‌ల పెడితె ఏమైతది? శానసార్లు క్లెయిమ్ వస్తది. అంటె వీడియో ఉంటది, ప్రకటనల పైసలు హక్కుదారునికి వోతయి. లేకుంటె వీడియోను ఆపుతరు. స్ట్రైక్ వేరే, 90 రోజులల్ల మూడు పడితె ఛానల్ పోతది. క్లెయిమ్ సూసి భయపడి అన్నీ తీసేసుకునే పిల్లలను సూసిన, ఆ రెండింటి తేడా ఎరుకుంటె సాలు. మన కాపీరైట్ చట్టంల 2012ల చేర్చిన 31సి అనే సెక్షన్ కవర్ల గురించే. గని మొదటి రికార్డు వచ్చి ఐదేండ్లు దాటాలె, బాణీ మార్చొద్దు, ఏడాదికి తక్కువల తక్కువ 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలె. క్యాసెట్ కంపెనీల కొలతకు కుట్టిన అంగి అది. బొంత చాటున కూసొని హార్మోనియం వాయించే పిల్లగానికి ఏడ పడుతది? చిన్న కళాకారుల కోసం ఏరుగ ఒక దారి తియ్యాలె అని అడుగుడు తప్పేం కాదు.

అప్పటిదాక మొదలువెట్టేటోళ్లకు నా సలహా టెట్రిస్ బాణీ. 1989ల గేమ్ బాయ్ మీద మోగినది అసలు గేమ్ కోసం కట్టిందే కాదు. కొరోబెయినికి అనే రష్యా జానపదం. ఊరూరు తిరిగి సరుకులమ్మేటోళ్ల పాట, మాటలు కవి నెక్రసోవ్ 1861ల అచ్చేసిన కవితలయి. ఆ పాత బాణీ మీద ఇప్పుడు ఎవలకు కాపీరైట్ లేదు. గేమ్‌ల ఉన్న కూర్పును అట్లనే దించకుంట, పాటను మీ తీరుగ కట్టుకోండ్రి. మన దిక్కు గంపలెత్తుకొని తిరిగేటోళ్ల కేకలు విన్న చెవికి ఆ పాట తొందరగనే పడుతది.

'కాపీ కొట్టుడు కూడ కళేనా' అనేటోళ్లు ఒక సంగతి ఇనాలె. 2022ల గ్రామీ అవార్డు ఒకటి ది 8-బిట్ బిగ్ బ్యాండ్‌కు వచ్చింది. కర్బీ సూపర్ స్టార్ అనే 1996 నాటి గేమ్ బాణీని వాళ్లు బ్యాండు మేళానికి మార్చి కట్టిన తీరుకే ఆ అవార్డు.

పాట పెట్టేటప్పుడు కింద పేర్లన్నీ రాయుండ్రి. బాణీ కట్టింది ఎవలు, ఏ గేమ్, ఏ సంవత్సరం. గంతే కాదు, హార్మోనియం ఎవలది, డప్పు కొట్టింది ఎవలు. మన దిక్కు వీడియోలల్ల పాడినామె పేరుంటది, నిర్మాత పేరుంటది, స్టూడియో ఫోన్ నంబరుంటది. డప్పు కొట్టినాయన పేరు మాత్రం ఉండదు. నా రికార్డులల్ల డప్పు కొట్టే మామకు ఫోన్ ఇచ్చి నాలుగో లైన్ల తన పేరు సూపిచ్చిన. అక్షరాలు కూడబలుక్కుంట సదివి, ఇంటిపేరు తప్పువడ్డదని సెప్పి దిద్దిపిచ్చిండు.