ద్రాక్షతోటకు ఇంటిపేరు

మన తెలుగువారి యిండ్లపేర్లలో చాలభాగము ఊళ్లపేర్లే. ఒక కుటుంబమువారు ఏ గ్రామమునుండి కదలి వచ్చిరో ఆ గ్రామనామము వారిని తరతరములు వెంబడించుచుండును. వస్తువులకును అట్టి యింటిపేళ్లు కలవు. పోచంపల్లి చీర, గద్వాల చీర, బనగానపల్లి మామిడి యని మనము అంగడిలో అడుగునపుడు వస్తువును మాత్రమే గాక అది పుట్టిన చోటును గూడ అడుగుచున్నాము. మనుష్యుని యింటిపేరు వేరొకడు పెట్టుకొన్నను పెద్ద నష్టము లేదు. వస్తువు పేరు వేరొకడు పెట్టుకొన్నచో కష్టించినవాని నోటికాడి కూడు పోవును. ఈ సంగతిని గట్టి చట్టముగా మలచి లోకమునకు చూపినవారు ఫ్రెంచివారు. వారికి ఆ పాఠము చెప్పినవి ద్రాక్షతోటలు.

ద్రాక్షసారాయపు ముచ్చట స్త్రీల పత్రికలో నేల యని కొందరు సోదరీమణులు కనుబొమలు ముడువవచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన సంగతిని, మరుసటి యేడే ఆంధ్రప్రదేశమున సారా అమ్మకము నిలిచిపోయిన సంగతిని మేము మరువలేదు. పానమును పొగడుట మా యుద్దేశము కాదు. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఒకప్పుడు ద్రాక్షపందిళ్లు విస్తారముగా నుండెడివి. అవి యిప్పుడు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మిగిలినవి. ఎందుకిట్లయినదో విచారించుటకు ఫ్రాన్సుదేశము వరకు ఒకమారు పోయి రావలసియున్నది.

1860 ప్రాంతమున అమెరికానుండి వచ్చిన ఒకవిధమైన వేరుపేను ఫ్రాన్సులోని ద్రాక్షతోటలను పట్టినది. ఫిలాక్సెరా యను నాపేను వేళ్లలోని రసమును పీల్చి, కొలదికాలముననే తోటలకు తోటలను మోడులు చేసినది. పండు కరవైనను త్రాగువారు తగ్గలేదు గదా! అందుచేత వర్తకులు ఎండుద్రాక్షను నీట నానవేసి, చక్కెర కలిపి, పులియబెట్టి, రంగు వేసి అమ్మజొచ్చిరి. దీనిని అరికట్టుటకై 1889లో నొక చట్టము వచ్చినది. పచ్చి ద్రాక్షపండ్లనుగాని వాని రసమునుగాని పులియబెట్టగా వచ్చినదానికే వైన్ అను పేరు చెల్లునని దాని సారాంశము. ఆ లెక్కను చూచినచో, ఎండుద్రాక్షతో మన వైద్యులు చేయు ద్రాక్షాసవము పారిసు నగరమున ఆ పేరునకు నోచుకొనదు! మన వీథులలోనన్ననో 'వైన్సు' అను పలక తగిలించిన దుకాణమున బ్రాందీయు విస్కీయు నిండియుండును. ద్రాక్షరసముతో చేసినది ఏ మూలనో నుండవచ్చును. అక్కడ ఒక్క మాటకొరకు చట్టము చేసిరి. ఇక్కడ అదే మాట పలకమీద నూరక వ్రేలాడుచున్నది.

1905లో కల్తీల నరికట్టు చట్టము వచ్చెను. అటుపిమ్మట అసలు తగవు మొదలైనది: ఏది ఏ సీమకు చెందినది? షాంపేన్ అను సీమలోని వర్తకులు దూరప్రాంతములనుండి చౌక పండ్లను రైలుపై తెప్పించి, తమ సీమ పేరున అమ్ముచుండిరి. స్థానికులైన రైతుల పండు కొనువారు లేక పోయిరి. 1911లో వారు తిరుగబడి, వర్తకుల నేలమాళిగలలో చొరబడి సీసాలు పగులగొట్టిరి, పీపాలను వీథులలో దొర్లించి పారబోసిరి. ప్రభుత్వము సైన్యమును దింపవలసి వచ్చెను. ఊరి పేరుకొరకు ఇంత రభస యేల యని మనకు తోచవచ్చును. తన పొలములోని పండు కుళ్లుచుండగా, తన ఊరి పేరుతో ఎవరిదో పండు అమ్ముడువోవుట కన్నులార చూచినవానికి ఆ ప్రశ్న పుట్టదు.

దక్షిణమున రోన్ నదీతీరమున షాతోన్యూఫ్ ద్యు పాప్ అను గ్రామము కలదు. 'పోపుగారి క్రొత్తకోట' యని దాని యర్థము. 14వ శతాబ్దమున పోపులు రోమునగరమును విడిచి దాపునగల అవిన్యోలో నివసించిన కాలమున కట్టించిన కోట యది. ఈ గ్రామపు రైతులు 1923లో పియేర్ లెరువా అను బారనుగారి నాశ్రయించిరి. ఆయన న్యాయశాస్త్రము చదివినవాడు, మొదటి ప్రపంచయుద్ధమున విమానము నడిపినవాడు, తోటగలవాడు. ఆయన పరులను నిందించుటతో సరిపెట్టక, గ్రామస్థులు ముందుగా తమకు తాము కట్టుబాట్లు విధించుకొనునట్లు చేసెను. మాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

ఆ కట్టుబాట్లు విన్నచో మన రైతులు ముక్కున వ్రేలు వేసికొందురు. ఏ నేలలో లావెండరును థైమును, అనగా మన మరువము దవనమువంటి సువాసన మొక్కలు, సహజముగా పెరుగునో అట్టి బీడునేలయే ద్రాక్షకు తగినది. సారవంతమైన నేల పనికిరాదు! నాటదగిన రకములు ఇవి యని పట్టీ వ్రాసిరి. 1936 నాటికి అవి పదుమూడు. పండును చేతితోనే కోయవలెను. కోసినదానిలో నూటికి అయిదు పాళ్లకు తక్కువగాకుండ ఏరి తీసివేయవలెను. అందు పులిసిన మద్యసారము చక్కెర కలుపకయే నూటికి పండ్రెండున్నర పాళ్లుండవలెను. అన్నిటికంటె విచిత్రమైనది దిగుబడికి పెట్టిన హద్దు. హెక్టారునకు 35 హెక్టోలీటర్లు, అనగా మన యెకరమునకు సుమారు 1,400 లీటర్ల రసమునకు మించి ఆ గ్రామము పేరున అమ్మరాదు. రెండు టన్నుల పండు ఉన్న చాలును, అంత రసము వచ్చును. తీగ మోయగలదు గదా యని మోయించినచో పండు పలుచబడునని వారి సిద్ధాంతము.

(ఈ గ్రామస్థుల పట్టుదలకు వేరొక నిదర్శనము: 1954లో ఆకాశమున ఎగురుపళ్లెములు కనబడుచున్నవని లోకమెల్ల గగ్గోలు పడుచుండగా, అట్టివి తమ తోటలలో దిగరాదని ఆ గ్రామాధికారి శాసనము చేసెను. ఇంతవరకు ఒక్కటియు దిగలేదు.)

1935 జూలై 30వ తేదీన ఫ్రాన్సుప్రభుత్వము ఈ గ్రామపు పద్ధతినే దేశమంతటికి వర్తింపజేయుచు ఒక శాసనము చేసి, జాతీయసంఘము నొకదాని నేర్పరచినది. దానికి 1947లో జాతీయసంస్థ యను పేరు వచ్చినది. 1936 మే నెలలో మొదటిసారిగా గుర్తింపు పొందిన కొలది సీమలలో షాతోన్యూఫ్ ఒకటి. నాటినుండి పేరు పొందగోరిన ప్రతి సీమయు తన హద్దులు, తన రకములు, తన కత్తిరింపు పద్ధతి, తన దిగుబడి యన్నియు వ్రాసి ఒప్పుకొనవలసినదే. షాంపేన్ సీమలో నాలుగువేల కిలోల పండును పిండినచో 2,550 లీటర్ల రసము మాత్రమే లెక్కకు వచ్చును. సీసాలో పోసిన పిమ్మట పదునైదు మాసములు గడువనిది అమ్మరాదు.

ఇక మన తోటలకు వత్తము. హైదరాబాదు ద్రాక్ష యన్నచో అనాబేషాహీ. రాజద్రాక్ష యని యర్థము. ఇది 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ అను నాయన యింటి పెరటిలో మొదట పెరిగినదని ఉద్యానశాస్త్రజ్ఞులు వ్రాయుదురు. కాయ పొడుగైనది, మాగినపుడు తేనెరంగు చాయ తిరుగును, తోలు పలుచన, గింజ కలదు, రసము మెండు. మన యెఱ్ఱనేలలును పొడిగాలియు దీనికి అమరినవి. రాతి కడీలు నిలువుగా పాతి, పైన తీగెలు అల్లి, ఆ పందిటిపై ద్రాక్షను ప్రాకించెడివారు. ఏప్రిల్‌లో నొక కత్తిరింపు, అక్టోబరులో మరియొకటి. మొదటిది కొమ్మకొరకు, రెండవది కాయకొరకు. ఫిబ్రవరినుండి ఏప్రిల్ లోపల కోత. తీగలు కట్టుటయు, గుత్తిలో ఇరుకుగానున్న కాయలను కత్తెరతో ఏరివేయుటయు, కోసి బుట్టల కెత్తుటయు చాలవరకు స్త్రీల చేతిపని. పందిరి క్రింద తలయెత్తి దినమంతయు నిలిచి చేయు పని యది. మెడనొప్పి యెట్టిదో వారి నడుగవలెను.

దిగుబడి మాటకు వచ్చినచో అనాబేషాహీకి సాటి లేదు. ఎకరమునకు పది టన్నులు మామూలు. మంచి తోటలో అంతకు పైమాటే. ప్రపంచమున ఇంత కాపు గాచు తోటలు అరుదని మనవారు చెప్పుకొని గర్వించిరి. ఆ గర్వము తప్పనరాదు. తినెడి పండునకును పిండెడి పండునకును నియమములు వేరు. ఫ్రెంచివారి రెండు టన్నుల లెక్కను మన పందిళ్లపై రుద్దుట అన్యాయము. కాని ఒక సంగతి గమనింపదగినది. అక్కడ తక్కువ పండించువాడు గౌరవనీయుడైనాడు, ఏలయన తక్కువదనమునకు పేరు వెల కట్టినది. ఇక్కడ ఎక్కువ పండించుటయే కీర్తి. పండు మాత్రము బజారులో కిలోల లెక్కన 'అంగూర్' అను ఒక్క మాటతో చెల్లిపోయినది. మేడ్చల్ పండు ఏది, శామీర్‌పేట పండు ఏది, దానికి ఎంత తీపి యుండవలెను, ఎన్ని దినములు మాగిన పిమ్మట కోయవలెను అను నొక కాగితము ఎవ్వరును వ్రాసికొనలేదు. సీజను మొదటనే మంచి ధర వచ్చునని పుల్లనికాయలు కోసి పంపినవాడును, మాగువరకు ఆగినవాడును ఒకే గంపలో కలిసిపోయిరి.

అనాబేషాహీకి స్వాభావికమైన లోపములును కలవు. తోలు పలుచన గనుక దూరప్రయాణమున కోర్వదు. గింజలేని థాంప్సన్ రకము వచ్చిన పిదప పిల్లలు గింజగల పండును ముట్టుట మానిరి. అకాలవర్షము పడినచో బూజుతెగులు, మందులకు ఖర్చు. ఇంతలో నగరము ఉత్తరముగా ప్రాకెను. నాగపూరు దారిని మేడ్చల్, కరీంనగరు దారిని శామీర్‌పేట. రెండును పెద్ద రాజమార్గములే. బాహ్యవలయ రహదారి ఏర్పడెను, ఔషధ పరిశోధనాలయములు వెలసెను. పందిరి క్రింది యెకరము పండ్లతో ఎన్ని యేండ్లకు ఇచ్చు సొమ్మును ఇండ్లస్థలములు కొనువాడు ఒక్క సంతకముతో ఇచ్చునట్లయినది. కడీలు పెరికి అమ్మివేసిన రైతును మేము నిందింపము. ఆడపిల్ల పెండ్లి, పిల్లవాని చదువు అతనికి నిలిచి యున్నవి.

షాంపేన్ సీమలో నేమి జరిగినదో ఇక్కడ తలచికొనవలెను. అచ్చట ద్రాక్షనేల హెక్టారు సుమారు పదిలక్షల యూరోల వరకు పలుకుచున్నది. ఇల్లు కట్టుటకంటె తీగ నాటుటయే లాభము. నేల అట్లు ప్రియమగుటకు కారణము మన్నులోని సారము కాదు, హద్దు. ఆ హద్దు లోపలి పండునకే ఆ పేరు. హద్దు దాటినచో అదే మన్ను, అదే వాన, అదే తీగ. వెల మాత్రము వేరు. 1911లో పగిలిన సీసాల వెనుకనున్న లెక్క యిది.

మనకును చట్టము లేకపోలేదు. ప్రపంచ వర్తకసంస్థ ఒడంబడిక ప్రకారము భారతదేశము 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టము చేసి, 2003 సెప్టెంబరునుండి అమలుపరచినది. చెన్నపట్టణమున దాని కార్యాలయము కలదు. పదియేండ్లకొకమారు చిట్టాను క్రొత్తచేసికొనవలెను. పోచంపల్లి ఇక్కత్తు తొలి విడతలోనే దానికెక్కినది. తిరుపతి లడ్డు 2009లోను, తాండూరు కందులు 2022లోను ఎక్కినవి. ద్రాక్షలలో నాసిక్ పండును, ఆ లోయలోని వైనును, బెంగుళూరు నీలద్రాక్షయు, 2023లో తమిళనాటి కంబము పన్నీరుద్రాక్షయు చేరినవి. ఫ్రెంచివారి షాంపేన్ సైతము మన చిట్టాలో తన పేరు వ్రాయించుకొన్నది! మన యనాబేషాహీ మాత్రము వ్రాయించుకొనలేదు.

చిట్టాలో నెక్కినంత మాత్రమున తోటలు నిలుచునని మేము భ్రమపడుట లేదు. పోచంపల్లి పేరు చిట్టాలో నుండగనే యంత్రముపై అచ్చువేసిన నకలు చీర పోచంపల్లి యని బజారున అమ్ముడుపోవుచున్నది. లెరువాగారి గ్రామస్థులకు చట్టము తరువాత వచ్చినది; కట్టుబాటు ముందు వచ్చినది. పుల్లనికాయ కోయనని పదిమంది రైతులు ఒప్పుకొని, ఆ పదిమంది పండునకు రెండు రూపాయలు హెచ్చుగా నిచ్చుటకు కొనువారు ఒప్పుకొన్ననాడు చిట్టాకు అర్థముండును. ఇంటికి పండు కొనువారు చాలవరకు స్త్రీలే గనుక ఈ రెండవ ఒప్పుదల ఎవరి చేతనున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

మిగిలిన తోటలలో కొందరు రైతులు పంటకాలమున జనులను లోనికి రానిచ్చి, వారు కోసికొన్నంత పండును తూచి యిచ్చుచున్నారు. పిల్లలను తీసికొని పోవువారు ఫిబ్రవరి చివరనుండి మార్చి నడుమ పోవుట మేలు. గుత్తిలో కొనకాయను రుచి చూడుడు. పైకాయలు ముందు మాగును, కొనకాయ తీపియైనచో గుత్తి యంతయు మాగినట్లే. రాజేంద్రనగరములోని ద్రాక్ష పరిశోధనాక్షేత్రమున పలు రకముల తీగలు ఇప్పటికిని పెంచబడుచున్నవి. బజారులో కొనునపుడు మాత్రము 'ఇది ఏ యూరి పండు?' అని యడిగి చూడుడు. చాలమార్లు నాసిక్ అనియో సోలాపూర్ అనియో జవాబు వచ్చును. ఎప్పుడైన శామీర్‌పేట యని వచ్చినచో, పొడుగుకాయ, తేనెరంగు, గింజ యుండవలెను.