భర్త మతిమరుపు వెనక ఏడీహెచ్‌డీ ఉంటే...

కంచిలిలో ఒక కుటుంబం అనుకోండి. అత్తగారికి కిడ్నీ జబ్బు. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లాలి. పొద్దున్న ఏడింటికి ఆటో మాట్లాడతానని భర్త రాత్రే చెప్పాడు. తెల్లారేసరికి ఆ మాటే మరచిపోయాడు. "మీకు ఇంటి పట్టింపే లేదు" అని భార్య, "కావాలని చేశానా?" అని భర్త. తరచూ ఇదే గొడవ. చుట్టాల్లో 'భులక్కడ్' అని పేరు కూడా పడిపోయింది.

ప్రతి మతిమరుపూ జబ్బు కాదు. కానీ మరచిపోవడం, పనులు సగంలో వదిలేయడం, తొందరపాటు మాటలు చిన్నప్పటి నుంచీ ఉంటే అది ఏడీహెచ్‌డీ కావచ్చు. దృష్టినీ, సమయాన్నీ, ఆవేశాన్నీ అదుపులో పెట్టే మెదడు పనితీరులో తేడా ఇది. దీని లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవుతాయి. చాలామందికి పెద్దయ్యాక కూడా ఉంటాయి. ఆడవాళ్లకీ వస్తుంది. వాళ్లలో గొడవ గొడవగా కనబడదు కాబట్టి, 'కోడలికి పని రాదు' అనే నిందతో సరిపెట్టేస్తారు.

ఇష్టమైన పనిలో వీళ్లు గంటలకొద్దీ మునిగిపోతారు. అందుకే "ఫోన్ గుర్తుంటుంది, నేను గుర్తుండనా?" అని భాగస్వామి మనసు నొచ్చుకుంటుంది. ఆ బాధ నిజమే. అయితే మరచిపోవడాన్ని ప్రేమ లేకపోవడంగా లెక్కేస్తే కాపురం చెడుతుంది.

మరి ఏం చేయాలి? గుర్తుంచుకునే భారాన్ని బుర్ర మీద నుంచి గోడ మీదకు మార్చండి. డయాలసిస్ రోజులు క్యాలెండర్‌లో పెద్దక్షరాలతో రాయండి. ఆటో రాత్రే ఖాయం చేసుకోండి. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టండి. ఐదు పూటల నమాజ్ ఉన్న ఇంట్లో వేళలు ముందే ఉన్నాయి. "ఇషా అయ్యాక రేపటి పనులు చూసుకుందాం" అనుకుంటే చాలు. ఒకసారి ఒక్క పనే చెప్పండి. కోపం మీదున్నప్పుడు లెక్కలు తీయకండి.

అలారం పెట్టుకోవాల్సింది మాత్రం ఆ భర్తే. భార్య రోజూ వెంటపడి గుర్తుచేస్తే ఆమె తల్లి, ఆయన పిల్లాడు అయిపోతారు. అక్కడ దాంపత్యం మిగలదు. జబ్బు కారణం అవుతుంది గానీ, తప్పించుకునే సాకు కాకూడదు.

పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందనుకోవద్దు. సైకియాట్రిస్టును కలవండి. నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్ వల్ల కూడా ఇలాగే ఉండొచ్చు కాబట్టి, తేల్చాల్సింది డాక్టరే. ఏడీహెచ్‌డీకి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వీలైతే భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లండి.