గుట్టలెక్కిన అర టన్ను కన్ను

బెంగళూరులో రైలెక్కి గుత్తికి పోతుంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా వస్తాయి. పటం తెరిచి చూడండి. కాస్త అటూ ఇటూగా ఈ ఊళ్లన్నీ 77.6 డిగ్రీల రేఖాంశం పక్కనే ఉంటాయి, దారం లాగి పేర్చినట్టు. రెండు వందల ఏళ్ల కిందట ఒక యంత్రం ఇంచుమించు ఇదే దారిన ఉత్తరానికి సాగింది. పేరు గ్రేట్ థియోడలైట్, పని కోణాలు కొలవడం.

లండన్‌లో విలియం కేరీ తయారుచేసిన ఈ యంత్రం 1802లో మద్రాసు చేరింది. బరువు సుమారు అర టన్ను. 36 అంగుళాల లోహ చక్రం, దాని అంచున వెంట్రుకల్లాంటి గీతలు, గురి చూడటానికి దూరదర్శిని, ఆ గీతలు చదవడానికి సూక్ష్మదర్శినులు. ఇంత బరువెందుకు? 50 కిలోమీటర్ల దూరాన ఉన్న గుట్టను చూసేటప్పుడు కోణంలో ఒక్క సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, తప్పితే గురి జానెడు పక్కకు పోతుంది. చక్రం పెద్దదైతే గీతలు ఎడంగా పడతాయి, తప్పు తగ్గుతుంది.

త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కలో దొరుకుతాయి. ఈ కొలతల పని నడిపిన విలియం లాంబ్టన్ చేసింది అదే. నేల మీద ఒక గీతను 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచి, ఆపైన గుట్ట మీంచి గుట్టను చూస్తూ పోయాడు. ఎండకు ఉక్కు సాగుతుంది కనక గొలుసును కర్ర తొట్టెల్లో పరిచి, నీడ పట్టి, ఉష్ణోగ్రత రాసుకుంటూ కొలిచేవారు. 1804లో బెంగళూరు దగ్గర, 1811లో గుత్తి దగ్గర ఇలాంటి గీతలు కొలిచారు. త్రిభుజాల లెక్కలో వచ్చిన పొడవూ గొలుసు చెప్పిన పొడవూ కలిస్తేనే నడుమ పనంతా సరిగ్గా జరిగినట్టు. ధర్మవరం నేతగాళ్లకైతే ఒక్క మాట చాలు: దక్షిణోత్తరంగా ఈ త్రిభుజాల వరస పడుగు, దానికి అడ్డంగా అల్లినవి పేక.

ఆ రెండు కొలతల మధ్యలోనే, 1808లో, యంత్రానికి చావు తప్పింది. తంజావూరు పెద్దగుడి పైకి లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. చక్రం వంకరపోయింది. లాంబ్టన్ కొద్దిమంది పనివాళ్లతో గుడారంలో తలుపేసుకున్నంత పని చేశాడు. పెద్ద పలక మీద చక్రం అసలు కొలతకు వృత్తం గీసి, మేకులు, మరలు, కప్పీలతో లోహాన్ని ఆ గీతకు లాగాడు. వంగిన ఆకులను కొయ్య సుత్తులతో సరిచేయించాడు. ఆరు వారాలకు చక్రం దాదాపు మునుపటి రూపానికొచ్చింది. గుత్తి దగ్గరి కోణాలు చూసింది ఈ అతుకుల కన్నే.

పెనుకొండ కోట గుట్టెక్కితే ఈ పనికి మన సీమ ఎంత అనువో తెలుస్తుంది. అడ్డంగా చెట్టు ఉండదు, బోడిగుండ్ల మీంచి చూపు ఎంతదూరమైనా పోతుంది. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో 1819లో లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ బృందం జ్వరాలతో కూలబడింది. గంగా మైదానంలోనైతే చూపు కోసం బురుజులే కట్టాల్సి వచ్చింది. వానకు నోచుకోని మన గుట్టలు కొలతకు మాత్రం కలిసొచ్చాయి.

ఈ కొలతలు ఈస్టిండియా కంపెనీ పాలనకు, సైన్యానికి పనికొచ్చిన మాట నిజమే. 1800లో నిజాం ఆ కంపెనీకి దత్తం చేసిన సీమ ఇది. యంత్రాన్ని గుట్టలెక్కించిన ఖలాసీల పేర్లు మాత్రం పటాల మీద లేవు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన త్రిభుజాల అల్లికే హిమాలయాలదాకా పాకి, 1852 నాటికి ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరమేదో తేల్చింది. దానికి దక్కింది ఎవరెస్ట్ పేరు, లాంబ్టన్ పేరు కాదు.

ఆ పాత థియోడలైట్ ఇప్పుడు డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా దగ్గరుంది. గుట్టలు కంకరైపోతున్న రోజులివి. ఎప్పుడైనా గుట్టెక్కినప్పుడు వలయంలో చుక్క చెక్కిన రాయి కనబడితే కదిలించకండి. అది సర్వే గుర్తు కావచ్చు.